సూరాయమ్మకి మిగిలిన సగం కథ

నాకు అప్పట్లో ఒకటే దిగులు. గురువుగారు నన్ను మాట చెప్పనివ్వడం లేదు.

మాట చెప్పడమంటే ఉపన్యాసం కాదు. ఏటి మధ్య మా లంకలో సందెవేళ గురువుగారి సావిట్లో పది పదిహేనుమందిమి చేరతాం. ఆయన ఒక కథ చెబుతారు, మేం వింటాం, ఇళ్ళకి పోతాం. దాన్నే మేం మాట అంటాం. ముత్యాలపాలెం వాళ్ళు రేవు దాటి వచ్చి, "మేం కూడా మా ఊళ్ళో వారానికోసారి మాట పెట్టుకుంటామండి, తాతాజీ గారిని పంపించండి" అని అడిగారు. నన్నే అడిగారు, పేరు పెట్టి మరీ. ఆ పూట నాకు సంతోషంతో అన్నం దిగలేదు.

గురువుగారు "చూద్దాం" అన్నారు. మూడు నెలలైంది. ఇంకా చూస్తూనే ఉన్నారు.

మా గురువు మస్తానయ్య గారు ముప్పయ్యారేళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. వాళ్ళ తాత ఓ ఫకీరు దగ్గర మాట చెప్పడం నేర్చుకున్నాడని, నాన్న ఊరూరా తత్వాలు పాడేవాడని చెప్పుకుంటారు. పొరుగూరి నుంచి ఒకాయన వచ్చి, "తమరిది ఏ సంప్రదాయమండీ" అని అడిగితే, "స్తంభాలెక్కే సంప్రదాయమండి" అన్నారు. ఇప్పుడు ఎనభై నాలుగు. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. మంచం మీంచి లేచి అరుగు దాకా రావడమే ఆయనకి తీర్థయాత్ర.

నా పని ఇళ్ళకి నెట్ బిగించడం. పదిహేనేళ్ళుగా అదే. వైఫై పెట్టె ఎక్కడ పెడితే ఏ గదికి అందుతుందో గుమ్మంలో నిలబడి చెప్పేస్తాను. కాస్త గర్వం ఉంది. ఉన్నదాన్ని దాచుకోవడమెందుకు.

ఇక సూరాయమ్మ మామ్మ. మా అందరికంటే పాత శిష్యురాలు. గురువుగారికి ఎదురుగా అరుగు అంచున కూర్చుని ఊ కొట్టేది. కథ చెప్పేవాళ్ళకి ఊ కొట్టే మనిషి లేకపోతే కథ నడవదని మీకు తెలిసిందేగా. ముప్పై ఏళ్ళు ఆవిడే కొట్టింది. ఎక్కడ పొట్టిగా అనాలో, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ నోరు మూసుకుని ఊపిరి బిగబట్టాలో ఆవిడకే తెలుసు.

కార్తీకం వెళ్ళిన వారం గురువుగారు పడవవాడి కథ ఎత్తుకున్నారు. ఒకడికి రోజూ సందెవేళ అవతలి ఒడ్డు నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినబడేదట. ఓ రోజు ఉండబట్టలేక పడవేసుకుని బయల్దేరాడు. ఏటి మధ్యకి వచ్చేసరికి అదే పిలుపు వెనక నుంచి, వాడు వదిలి వచ్చిన ఒడ్డు మీంచి వినబడింది. వాడు తెడ్డెత్తి అలా ఉండిపోయాడు.

సరిగ్గా అక్కడ మామ్మ అరుగు మీంచి పడిపోయింది. వింటూ వింటూ ముందుకి వంగి, అంచున కూర్చున్నానన్న సంగతే మరిచిపోయింది పిచ్చిది.

తుంటి విరిగింది. పట్నం తీసుకెళితే, ఈ వయసులో ఈ గుండెతో కోత వద్దు, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి అన్నారు డాక్టర్లు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. మామ్మకి ఇంకా బాగా తెలుసు.

ఇంటికి తెచ్చాక నేను చూడ్డానికి వెళ్ళాను. "ఏం కావాలి మామ్మా" అన్నాను.

"నాకింకేం కావాలిరా. ఆ పడవవాడు ఏమయ్యాడో ఆయన నోట విని పోతాను" అంది.

"ఓస్, అంతేనా. నేను చెప్తానుగా" అని మంచం పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. "అవతలి ఒడ్డంటే పరం మామ్మా. ఇవతలి ఒడ్డు ఇహం. పిలుపంటే ఏంటయ్యా అంటే, మన లోపల..."

"ఒరే తాతాజీ" అంది కళ్ళు మూసుకునే.

"ఆయ్."

"కథ అడిగితే అర్థం చెప్తావేంట్రా? పడవవాడేమయ్యాడు?"

ఆవిడ పట్నంలో ఉన్నప్పుడు గురువుగారు ఆ మిగతా సగం సావిట్లో చెప్పారు. నేను అక్కడే ఉన్నాను, ముందు వరసలో. కానీ నిజం చెప్పొద్దూ, ఆ సేపంతా ఇదే కథ ముత్యాలపాలెంలో నేనెలా చెప్పాలా అని లోపల మాటలు పేర్చుకుంటున్నాను. ఒక్క ముక్క చెవిన పడలేదు.

ఏదో ఒకటి అల్లేశాను. అవతలి ఒడ్డు చేరాడన్నాను. అక్కడ పెద్ద వెలుగు కనబడిందన్నాను. గొంతు కూడా తగ్గించి, గురువుగారిలాగే చెప్పాను.

"ఇది ఆయన కథ కాదు, నీది" అంది మామ్మ. పక్కకి తిరుగుదామన్నా ఆవిడకి వీల్లేదు. కళ్ళు గట్టిగా బిగించుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ముసలావిడకి చాదస్తం ముదిరిందనుకుంటూ బయటపడ్డాను. గురువుగారి దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను, కొంచెం మర్యాదగా.

ఆయన ఇంటి పక్కన పారే బోదె కాలవ వైపు చూశారు. మామ్మ ఇల్లు ఆ బోదె అవతలే. అరిస్తే వినబడేంత దూరం, అరిచే ఊపిరి ఉన్నవాళ్ళకి. బోదె మీద దాటడానికి, ఒక్కొక్కళ్ళే నడవాల్సిన ఓ కొబ్బరి దుంగ ఉంది. ఆయన దుంగ దాటలేరు, ఆవిడ మంచం దిగలేదు.

"తాతాజీ, నీది వినబడేట్టు చేసే పనేగా" అన్నారు. "సూరమ్మకి వినబడేట్టు చెయ్యి."

"చిటికెలో పని అండి" అన్నాను.

పుష్యమాసం. మా లంకలో ఆ రోజుల్లో పొద్దున పది దాటేదాకా కొబ్బరిచెట్లకి తలలుండవు, మొదళ్ళే కనబడతాయి. మళ్ళీ నాలుగు కొట్టేసరికి ఏటి మీంచి మంచు లేచి దొడ్లలోకి వచ్చేస్తుంది. గేదెలు ఎక్కడో అరుస్తాయి, ఏ దిక్కునో తెలీదు. మనిషి దగ్గరికొచ్చాక మనిషవుతాడు. ఆ మంచులో దుంగ మీద అటూ ఇటూ నడుస్తుంటే నాకే ఒక్కోసారి ఎటు నుంచి ఎటు పోతున్నానో మరుపొచ్చేది.

ఫోను చేసి వినిపించొచ్చుగా అంటారేమో. మా లంకలో సెల్లుకి సిగ్నల్ కావాలంటే ఏటిగట్టెక్కాలి. పైగా మామ్మకి చెవులు మందం, ఫోన్లో గొంతు ఆవిడకి దోమ రొదలా ఉంటుంది. రికార్డు చేసి పట్టుకెళ్తానంటే, సూరమ్మ ఊ నాకూ వినబడాలన్నారు గురువుగారు. అయితే మామ్మ కోడలు కుట్టుపని చేస్తుంది, జాకెట్ల డిజైన్లు చూసుకోవడానికి ఓ పాత కంప్యూటరుంది. దానికి ఇల్లదిరిపోయే స్పీకర్లున్నాయి, మైకు ఉంది. చిక్కల్లా ఒకటే. దానికి గాల్లో వచ్చే నెట్ పట్టదు. వెనకాల వైరు గుచ్చాల్సిందే.

గురువుగారింటి నుంచి బోదె మీదుగా వైరు లాగాను. ఉడతలు కొరికేశాయి. మళ్ళీ లాగాను, మళ్ళీ కొరికేశాయి. నేను వాటిని తిడుతుంటే, "పోనీలేవోయ్, వాటికీ ఏదో వినాలని ఉందేమో" అన్నారు గురువుగారు.

అప్పుడాయనే అటక మీద పాత రూటరు సంగతి గుర్తుచేశారు. కొత్తది బిగించినప్పుడు తీసి పక్కన పడేసింది. నాలుగేళ్ళు ఆ ఇంట్లో అదే నెట్ ఇచ్చింది. దించి దుమ్ము దులిపాను.

"ఇది పనికొస్తుందా?" అన్నారు.

"భేషుగ్గానండి. ఇదివరకు ఇది నెట్ ఇచ్చేది. ఇప్పుడు పద్ధతి మార్చి పుచ్చుకునేదాన్ని చేస్తాను. మన కొత్త పెట్టె గాల్లోకి వదిలేది, నా ల్యాప్‌టాప్‌కి అంత దూరం అందకపోయినా, ఇది అక్కడ కిటికీలో కూర్చుని పట్టుకుంటుంది. పట్టుకుని వైరు ద్వారా కంప్యూటరుకి అందిస్తుంది. దీన్ని క్లయింట్ మోడ్ అంటారండి."

"క్లయింటంటే?"

"అంటేనండి... అడిగి పుచ్చుకునేవాడు. తనంతట తనకేం ఉండదు. పైవాడిస్తే తీసుకుంటాడు."

"శిష్యుడా?"

"ఆయ్. అలాంటిదేనండి" అని నవ్వాను. గురువుగారు నవ్వలేదు. పెట్టెని ఓసారి చేత్తో తడిమి నాకిచ్చేశారు.

మామ్మ గదిలో కిటికీ చట్టం మీద దాన్ని పెట్టాను. వైరు తీసి కంప్యూటరుకి గుచ్చాను. ల్యాప్‌టాప్ తెరిచి పద్ధతి మార్చాను. గురువుగారింటి వైఫై పేరు కనబడింది, పాస్‌వర్డ్ కొట్టాను. పెట్టె మీద లైట్లన్నీ పచ్చగా వెలిగాయి. కంప్యూటరు మూలన కూడా కలిసిందని గుర్తు వచ్చింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

మాట్లాడుకునే యాప్ రెండు చోట్లా తెరిచి, వైఫైకి కలిపిన నా ఫోను సావిట్లో గురువుగారి ముందు ముక్కాలిపీట మీద పెట్టి వచ్చాను. ఆయన అక్కడ మాట్లాడితే ఇక్కడ స్పీకర్లలో పలకాలి.

కోడలు మామ్మ తల కింద ఇంకో దిండు పెట్టింది. మామ్మ నోరు కొంచెం తెరిచి, స్పీకర్ల వైపు చూస్తూ ఉండిపోయింది. పసిపిల్లలు ముద్ద కోసం చూసినట్టు చూసింది.

ఏమీ రాలేదు.

దుంగ దాటి సావిట్లోకి వెళ్ళాను. గురువుగారు ఫోనుకి ఎదురుగా కూర్చుని, "సూరమ్మా, సూరమ్మా" అంటున్నారు. మళ్ళీ దుంగ దాటి వచ్చాను. లైట్లు పచ్చగా ఉన్నాయి. గది నిశ్శబ్దంగా ఉంది. మామ్మ అలాగే చూస్తోంది.

ఆపి మళ్ళీ వేశాను. లాగి గుచ్చాను. కిటికీ మార్చాను. పాస్‌వర్డ్ తప్పేమోనని నాలుగుసార్లు కొట్టాను. మర్నాడు కొత్త వైరు తెచ్చాను. కంప్యూటరుని విప్పి దుమ్ము ఊదాను. ఎన్నిసార్లు చూసినా పెట్టె అన్నీ బాగున్నాయనే అంటోంది. నెట్ మాత్రం చుక్క రావడం లేదు. పదిహేనేళ్ళలో నన్ను ఇంత ఏడిపించిన పెట్టె లేదు.

మూడో రోజు మధ్యాహ్నం మామ్మ గంజి వద్దంది. కోడలు రెండు చెంచాలు పోస్తే ఒకటి బయటికి వచ్చేసింది. ఊపిరి పైపైన ఆడుతోంది. ఊరి కాంపౌండరు నాడి చూసి, "చూడాల్సినవాళ్ళకి కబురు పెట్టుకోండమ్మా" అని కోడలితో మెల్లగా అన్నాడు. మామ్మకి అది వినబడలేదు. నా చెయ్యి పట్టుకుని, "కుదిరిందా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. అది ఆవిడ కోసమో, నా పరువు కోసమో ఇప్పటికీ తేల్చుకోలేను.

గురువుగారి దగ్గరికి విసురుగా వెళ్ళాను. "ఆ పెట్టె పనికిరాదండి. ముసలిదైపోయింది. టౌనుకెళ్ళి కొత్తది తెచ్చేస్తాను. ఎల్లుండికి బిగించేస్తాను."

"ఎల్లుండి దాకా సూరమ్మ ఉంటుందా?"

భుజాన వేసుకున్న సంచి కింద పెట్టాను.

"ఇంతకీ ఏమంటోందది?" అన్నారు.

"ఏమంటుందండీ. అంతా బాగుందంటోంది."

"ఎవరు, బాగుందంటున్నది?"

"ఆ పెట్టేనండి."

గురువుగారు మంచం కింద చెక్కపెట్టె లాగమన్నారు. అందులోంచి నల్లటి చేతిఫోను ఒకటి తీశారు. ఉద్యోగంలో ఉండగా స్తంభమెక్కి, లైను బాగుందో లేదో దాంతో చూసుకునేవారట. దాని కింద రెండు పొడుగాటి వైర్లు వేలాడుతుంటాయి, వాటిని లైనుకి తగిలించి మాట్లాడాలి. దానికి అవసరమైన బ్యాటరీ సెల్సు ఆయనే వేశారు. మూత ఓ పట్టాన పడలేదు. సాయం చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఆ వైర్లు అరుగు అవతలికి, మంచులోకి వదిలారు.

"సూరమ్మతో మాట్లాడు" అని ఫోను నా చేతికిచ్చారు.

పాతవాళ్ళ తెలివే తెలివి, ఉడతలు మిగిల్చిన వైరుకి తగిలించారు కాబోలు అనుకున్నాను. అవతల మామ్మ దగ్గర దీన్ని అందుకోవడానికి ఏముందని నాకు తట్టనైనా లేదు. చెవి దగ్గర పెట్టుకుని, "హలో! మామ్మా!" అని అరిచాను.

చెవిలో గొంతు ఖంగుమంది.

"వినబడుతోందండీ! ఎంత బాగా వినబడుతోందో! హలో మామ్మా, నేను తాతాజీని! తాతాజీని మాట్లాడుతున్నా!"

"సూరమ్మ ఏమంది?"

"ఇంకా పలకలేదండి. కానీ లైను బ్రహ్మాండంగా ఉందండి."

గురువుగారు వంగి వైరు పట్టుకుని లాగారు. నెమ్మదిగా, బావిలోంచి చేద తోడినట్టు, ఒక్కో మూరే లాగారు. మంచులోంచి రెండు కొసలూ వచ్చాయి. దేనికీ తగిలి లేవు. ఒకదానికి తడి గడ్డిపోచ అంటుకుని ఉంది. ఆయన ఆ గడ్డిపోచ తీసి అరుగు మీద పెట్టారు. నా చేతిలోంచి ఫోను తీసుకుని, వైర్లు చుట్టి, చెక్కపెట్టెలో పెట్టేసుకున్నారు.



నా చెవిలో ఇంకా నా గొంతే మోగుతోంది. తాతాజీని, తాతాజీని అని.

దుంగ దాటాను. మామ్మ గదిలో నేలమీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఈసారి పెట్టె చెప్పేది నమ్మలేదు. కంప్యూటరు ఎవర్ని అడుగుతోంది, దానికి ఎవరు జవాబిస్తున్నారు అని చూశాను.

ఒక్క నిమిషంలో కనబడింది. కంప్యూటరు పాపం సరిగ్గానే అడుగుతోంది, నెట్‌కి దారేదీ అని. పాత పెట్టె దానికి ఠక్కున చెబుతోంది, నేనే అని. నెట్‌లో నీ గుర్తు నంబరిది, నీ దారి నేనే, అంతా బాగుందిపో అంటోంది. కంప్యూటరు అది నమ్మి అక్కడే ఆగిపోతోంది. ఇంతా చేసి ఆ పెట్టెలో ఏముంది? ఏమీ లేదు. అవతల గురువుగారింట్లో ఉన్నదాన్ని అందుకునే పద్ధతిలో పెట్టానే గాని, పాత పెద్దరికం నేను దానికి తియ్యలేదు. నాలుగేళ్ళు ఆ ఇంట్లో నంబర్లు పంచిన చెయ్యి, ఇంకా పంచుతూనే ఉంది. పైగా దాని సొంత నంబరు, గురువుగారింట్లో కొత్త పెట్టె నంబరు ఒకటే. ఒకే ఇంట్లో ఇద్దరు యజమానులు.

పదిహేనేళ్ళుగా నేను బిగించినవన్నీ నెట్ ఇచ్చే పెట్టెలే. ఇంటికొక పెట్టె, అదే పెద్ద. పుచ్చుకునే పెట్టెని నా చేత్తో బిగించడం అదే మొదలు. ఆ పెద్దరికం తియ్యాలని నాకు తట్టలేదు.

సిగ్గేసింది. మామ్మ నా వైపు చూస్తోంది. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

నంబర్లు పంచే పని దగ్గర టిక్కు తీసేశాను. దాని సొంత నంబరు మార్చి, గురువుగారింటి పెద్దపెట్టె తర్వాతిది ఇచ్చాను. ఎవరు దారి అడిగినా ఆ పెద్దపెట్టెనే అడగమని పెట్టాను. సేవ్ నొక్కాను.

తెర తెల్లబడింది. పెట్టె నన్ను కూడా వదిలేసింది. లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఉన్నదీ పోగొట్టానా అనుకున్నాను.

కిటికీ బయట మంచు అప్పటికే బోదెని కప్పేసింది. గురువుగారిల్లు లేదు, దుంగ లేదు. తెల్లగా, ఏదీ లేనట్టుగా ఉంది. కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. మామ్మ ఊపిరి ఒకటి వచ్చి, ఇంకోటి రావడానికి చాలాసేపు పట్టింది.

పెట్టె మీద ఒక చిన్న లైటు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. మూడు రోజులుగా పచ్చగా దబాయించిన లైటు కాదది. మిణుకుమిణుకుమంటోంది. ఆ తెల్లదనంలో ఎక్కడో ఉన్నదాని కోసం వింటోందని నాకర్థమైంది. నేను కూడా ఊపిరి బిగబట్టాను.

స్పీకర్లలో ముందు గురువుగారి దగ్గు వినబడింది.

"సూరమ్మా" అన్నారు. "ఉన్నావా?"

ఆ గొంతు గదంతా నిండింది. మామ్మ కళ్ళు పెద్దవయ్యాయి. పెదాలు కదిలాయి. రెండుసార్లు గాలే వచ్చింది. మూడోసారి, "ఊఁ" అంది.

అవతల సావిట్లో ఎవరో ఆడమనిషి బావురుమంది. ఎంతమంది కూర్చున్నారో అక్కడ. నాకూ కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు, తుడుచుకోలేదు కూడా.

"పడవవాడు ఏటి మధ్యలో ఉన్నాడు కదా" అన్నారు గురువుగారు, నిన్ననే ఆపినట్టు.

"ఊఁ."

"మంచు దిగింది. వాడికి ఆ ఒడ్డూ కనబడడం లేదు, ఈ ఒడ్డూ కనబడడం లేదు."

"ఊఁ."

నేను లేవబోయాను. సావిట్లోకి వెళ్ళి అందరిలో కూర్చోవాలని, మూడు రోజుల కష్టం గురించి ఎవరైనా ఒక మాట అంటే వినాలని నాకు లోపల ఉంది. లేవలేదు. మామ్మ మంచం కోడుకి వీపు ఆనించి అక్కడే నేలమీద కూర్చున్నాను. గురువుగారి మొహం కనబడకుండా ఆయన మాట వినడం నాకు అదే మొదటిసారి. ఎదురుగా కూర్చుంటే ఆయన తర్వాత ఏమంటారో ముందే పట్టుకోవాలని చూసేవాణ్ణి. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక మాట వచ్చేది. తర్వాత ఏమీ ఉండేది కాదు. మళ్ళీ ఒక మాట వచ్చేది.

"పిలుపు ముందు నుంచి వచ్చింది. వాడు అటు తిరిగాడు. పిలుపు వెనక నుంచి వచ్చింది. ఇటు తిరిగాడు. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. ఎత్తిన తెడ్డు మీంచి నీళ్ళు బొట్టుబొట్టుగా ఏట్లో పడుతున్నాయి."

"ఊఁ" అంది మామ్మ. ఇదివరకటిలాగే సాగదీసింది.

గురువుగారు అక్కడ ఆగారు. స్పీకర్లలో చెప్పుల చప్పుడు, మనుషులు వచ్చి కూర్చుంటున్న చప్పుడు వినబడింది.

"తాతాజీ, అక్కడున్నావా?"

"ఆయ్" అన్నాను, ఉలిక్కిపడి.

"ముత్యాలపాలెం వాళ్ళు వచ్చారోయ్. రేవులో పడవ ఆపుకుని ఉన్నారు. ఈ సందె నుంచే మాట పెట్టుకుంటారట, నిన్ను తీసుకెళ్తామంటున్నారు. ఇంక నువ్వు వెళ్ళొచ్చు. ఏమంటావు?"

మూడు నెలలుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాను. ఆయన అంటే నేనేమనాలో కూడా ఎప్పుడో కూర్చి పెట్టుకున్నాను. మామ్మ తల తిప్పలేక కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. ఆ కళ్ళల్లో కోపం లేదు. నేను తొందరగా ఏదో ఒకటి చెప్పేస్తే బాగుండునని ఉంది. కథ ఆగిపోయి ఉంది మరి. ఆవిడ ఊపిరి పైపైన ఆడుతోంది.

నేను మైకు దగ్గరికి జరిగాను. నోరు తెరిస్తే, కూర్చి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ లేదు.

"పడవవాడేమయ్యాడండీ?" అన్నాను.

కిటికీలో మంచు, మంచం మీద మామ్మ, కోడు పక్కన నేను, ముగ్గురం ఒకే చోటికి చెవి పెట్టుకుని ఉన్నాం.

"తెడ్డు పడవలో పెట్టేసి, వింటూ కూర్చున్నాడు" అన్నారు గురువుగారు.